కొండదారి బొమ్మ వెనుక అంటించిన కాగితం

పోయిన నెల ఒక మధ్యాహ్నం మా హిందూపురం ఇంటికి పెనుకొండ సంఘం పాస్టరుగారి భార్య వచ్చారు. మేమంతా ఆమెను పాస్టరమ్మ అంటాం. వయసులో నా కూతురి కంటే చిన్నదే, అయినా ఆమె గడప తొక్కితే లేచి నిలబడడం మా నాయన చిన్నప్పుడే నేర్పిన అలవాటు, డెబ్బై ఆరేళ్లు వచ్చి మోకాళ్లు సహకరించకపోయినా అది పోలేదు. బస్సులో వచ్చిన గంటసేపూ ఒడిలో పెట్టుకుని పట్టుకొచ్చిన ఒక బిస్కెట్ల రేకు డబ్బాను ఆమె నా ముందు బల్ల మీద పెట్టి, గుడి పక్క గదికి కొత్తగా బండలు పరిపించడానికి పాత బీరువా జరిపితే వెనకాల ఇది దొరికిందని చెప్పారు. మూత తీసిన క్షణంలో పాత కాగితం వాసన, దానితోపాటు ఎక్కడో ఉడికిన చింతగింజల వాసన వచ్చిందంటే మీరు నమ్మరు గానీ, నా ముక్కుకు వచ్చింది. లోపల పదిహేడు బొమ్మల కార్డులు. పదిహేడింటిలోనూ కొండలు, ఆ కొండల మీదికి మెలికలు తిరుగుతూ ఎక్కే దారులు.

సంఘం వార్షికోత్సవానికి వీటిని అద్దాల పటాలు కట్టించి గోడకు పెట్టాలని, ఒక్కొక్కదాని కిందా అది ఏ దేశపు కొండో, ఏ కాలంలో వచ్చిన కార్డో రాయాలని పాస్టరుగారి కోరికట. తపాలా శాఖలో ముప్పై ఆరేళ్లు సార్టింగు పని చేసినవాణ్ని, ముద్రలు చూసి కాలం చెప్పగలనని సంఘంలో నా మీద ఒక నమ్మకం ఉంది. "వెనకాల తెల్ల కాయితాలు అంటించినారు పెద్దనాయనా, వాటి కింద స్టాంపు ముద్ర ఉంటాదంట కదా. ఆవిరి పట్టి తీసేస్తే తారీకు తెలుస్తాది అని మా యవ్వన సమాజం పిల్లోళ్లు అంటాండారు," అన్నారు పాస్టరమ్మ. నేను డబ్బాను నా వైపు లాక్కున్నాను. ఆ తెల్ల కాగితాలు అంటించింది ఎవరో ఆమెకు తెలియదు. యాభై ఏళ్ల కిందట అలాంటి ఒక కాగితాన్ని నేను ఏం చేశానో ఆమెకు అసలే తెలియదు. మన జీవితంలో జరిగింది నలుగురి ముందు విప్పి చెప్పుకునే సాక్ష్యపు కూడికల్లో ఎన్నిసార్లు లేచి నిలబడ్డా, ఆ సంగతి మాత్రం నా నోటికి రాలేదు.

నా ఈడువాళ్లలో ఆదివారపు బడికి వెళ్లినవాళ్లకు ఈ కార్డుల సంగతి తెలిసే ఉంటుంది. ఏడాదికి ఒకసారి సముద్రాల అవతలి నుంచి ఒక పెద్ద మూట వచ్చేది. అక్కడి సంఘాల్లో పెద్దలు తమ ఇళ్లలో వాడేసిన బొమ్మల కార్డులను పోగుచేసి, మనలాంటి పిల్లలకు బహుమానంగా పనికొస్తాయని పంపేవారు. పూలు, పడవలు, ఎత్తైన గోపురాల గుళ్లు, మంచు పడిన వీధులు, కొండదారులు. వెనుక ఎవరో ఎవరికో రాసుకున్న జాబులు ఉండేవి. ఒకరి జాబు ఇంకొకరు చదవడం తప్పని మా పంతులమ్మ పట్టుదల. పైగా బహుమతి గెలిచిన పిల్లల పేరు రాయడానికి చోటు కావాలి. అందుకని ప్రతి కార్డు వెనకాలా తెల్ల కాగితం అంటించేవారు. పరీక్ష పేపర్లలో పిల్లలు రాయకుండా వదిలేసిన సగాలను కత్తిరించి దాచి, దానికి వాడేవారు.

బహుమతుల్లో పంతులమ్మ ఒక వరుస పెట్టింది. ఒక వాక్యం కంఠస్థం చేస్తే పూల కార్డు. ఒక కీర్తన అప్పజెప్తే పడవో, గోపురమో. మొత్తం ఒక అధ్యాయం, మధ్యలో ఆమె పెదవులు కదిలించి అందివ్వకుండా, ఆది నుంచి అంతం దాకా చెప్పినవాళ్లకే కొండదారి బొమ్మ. అందుకే అవి తక్కువ. గెలిచేవాళ్లు లేకే ఇన్ని గుడిలో మిగిలిపోయాయి. నేను ఆరేళ్లు ఆ బడికి పోయి పూలు కట్టలు కట్టలుగా, పడవలు నాలుగో ఐదో గెలిచానే గానీ కొండదారి నా చేతికి రాలేదు. ప్రతిసారీ ఏదో ఒక చోట నాలుక తడబడేది.

ఆ కాగితాలు అంటించే పని మా అవ్వది. మా నాయన తల్లి. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, పెనుకొండలో గుడి ఊడ్చి, గంట కొట్టి, దీపాలకు నూనె పోసి కొడుకును పెంచిన మనిషి. మైదా గంజితో అంటిస్తే పురుగు పడుతుందని ఆమె చింతగింజలను వేయించి, పొట్టు తీసి, రోట్లో దంచి, ఆ పొడిని గంటసేపు ఉడికించి బంక చేసేది. ఆ బంకతో అతికిందేదీ ఊడిన దాఖలా లేదు. వసారాలో కాళ్లు చాపుకుని కూర్చుని, బొమ్మను ఒడిలోకి బోర్లించి, జాబు రాసిన వైపు బంక పూసి కాగితం పరిచి అరచేత్తో నిమురుతుంటే, పిల్లలం చుట్టూ చేరేవాళ్లం. అంటించే ముందు ఒక్కసారి బొమ్మవైపు తిప్పి చూడనిస్తుందని మా ఆశ.

మాకు కొండ కొత్త కాదు, ఊరి పేరే కొండ. కానీ మా కొండంటే గుండ్లు, గుండ్ల మధ్య ముళ్లకంప, దాని మధ్య మనిషి మనిషి వెనుక నడిచే కాలిబాట. దారి అంటే నేల మీద బెంగుళూరు వైపుకో అనంతపురం వైపుకో సాగిపోయేది. ఆ దారి పోయి పోయి కొండనెక్కడం, ధర్మవరం పట్టుచీర మడత విప్పి కొండ మీద జారవిడిచినట్టు మలుపు మీద మలుపుగా మేఘాల్లోకి పోవడం ఆ కార్డుల్లోనే చూశాం. ఒక కార్డులో కొండ కొసన తెల్లగా ఉంటే అది ఏమిటని అడిగాం.

"సున్నం," అంది అవ్వ తడుముకోకుండా.

పంతులమ్మ నవ్వి, సున్నం కాదు, మంచు అని చెప్పింది. అవ్వ ఆ కార్డును కళ్లకు దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"మంచో సున్నమో, అంత పైకి దోవ ఏసినోడు ఎవడమ్మా! కొండ దేవుడు సేసినాడు సరే. దోవ మనిసి సేసినాడు. ఇద్దురూ సేతులు కలిపి సేసిన పని ఇంగ యాడన్నా సూసినావా?"

ఆ తరువాత ఎన్ని ప్రసంగాలు విన్నానో, కొన్ని నేనూ చేశానో లెక్క లేదు. దేవునికీ మనిషికీ ఉన్న పొత్తు గురించి అంత పెద్ద మాట నేను మళ్లీ వినలేదు.

అవ్వకు చదువు రాదు. కానీ గుడి ఊడుస్తూ పిల్లలు వల్లించేది వింటూ వింటూ పది ఆజ్ఞల అధ్యాయం మొత్తం ఆమెకు నోటికి వచ్చేసింది. ఒక ఆదివారం చీపురు గోడకు ఆనించి, కొంగు సవరించుకుని, నేనూ చెప్తానని పిల్లల వరుసలో నిలబడింది. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. కొందరు పిల్లలు నవ్వారు, వాళ్లలో నేనూ ఉన్నాను. కళ్లు మూసుకుని, రెండు చేతులూ పొట్ట మీద కట్టుకుని, నీళ్లు పారినట్టు చెప్పుకుపోయింది. పంతులమ్మ కళ్లు తుడుచుకుంటూ కొండదారి బొమ్మ తీసింది. వెనకాల పేరు రాయబోతే అవ్వ చెయ్యి పట్టుకుని ఆపింది. పేరు నేనే రాసుకుంటాను, రాయడం వచ్చినాక ఇవ్వు అంది. అప్పటి నుంచి ఎనిమిది నెలలు శిశు తరగతి పిల్లల పక్కన కూర్చుని పలక మీద అక్షరాలు దిద్దింది. చివరికి ఒక మధ్యాహ్నమంతా కష్టపడి, సిరాబిళ్ల కలిపిన నీలి సిరాతో, ఆ తెల్ల కాగితం మీద తన పేరూ, దాని కింద "పది ఆజ్ఞలు, తప్పు లేకుండా" అనీ రాసుకుంది. ఒక్కో అక్షరం ఒక్కో వైపుకు వాలి, కొండనెక్కుతూ ఆయాసపడుతున్న మనుషుల్లా ఉండేవి. నాకు తెలిసి ఆమె తన చేత్తో రాసింది అంతే. ఉత్తరం రాయడానికి ఆమెకు దూరాన ఎవరూ లేరు, సంతకం పెట్టాల్సిన ఆస్తీ లేదు.

ఆ కార్డును గుడ్డ సంచిలో పెట్టుకుని ఆమె సంత రోజుల్లో చుట్టుపక్కల పల్లెలు తిరిగేది. గొర్రెల దొడ్ల దగ్గర, వేరుశనగ కాయలు వలిచే చోట ఆడవాళ్లను కూర్చోబెట్టి, ఇదిగో ఇదే సీనాయి కొండ, ఈ దోవనే మోషే పైకి పోయి రాతి పలకలు తెచ్చినాడు అని చూపించేది. ఆజ్ఞల అధ్యాయానికి ఇచ్చిన బొమ్మ ఆజ్ఞలు పుట్టిన కొండదే అయి ఉంటుందని ఆమె నమ్మకం. ఒక పల్లెలో ఒకామె, "ఆ దోవలో బస్సు పోతాదా అవ్వా?" అని అడిగితే, "పొయ్యేదుంటే ఆయప్ప నలభై దినాలు ఆడే ఎందుకు కూచుంటాడే, సాయంత్రం బస్సుకు దిగొచ్చేటోడు కదా," అందట. ఆ మాటను ఆమే ఇంటికొచ్చి చెప్పుకుని నవ్వేది.

ఏళ్లు గడిచి నాకు ధర్మవరంలో తపాలా సార్టింగులో ఉద్యోగం వచ్చింది. స్టేషను పక్కన పొడవాటి గది, గోడల నిండా గూళ్లు, గూటి మీద ఊళ్ల పేర్లు. ఆ గదిలో నాకు పని నేర్పింది ఒక పెద్ద సార్టరు. ధర్మవరం సాయిబుల ఇంటివాడు, నమాజుకు వెళ్లి వచ్చి మళ్లీ అదే నిదానంతో ఉత్తరాలు పట్టుకునే మనిషి. కార్డుకు పుట్టిన ఊరు, పుట్టిన రోజు ముద్రలోనే ఉంటాయనీ, ముద్ర చదవడం వస్తే ప్రపంచం అరచేతిలో ఉన్నట్టేననీ ఆయనే నేర్పాడు. చిరిగి చిత్తుబుట్టలోకి పోయిన పాత కవర్ల మీది స్టాంపులను ఇంట్లో పింగాణీ పళ్లెంలో నీళ్లు పోసి నానవేసి, చిటికెలో ఊడదీసి చూపించేవాడు. స్టాంపు పువ్వులా తేలేది. ఆ విద్య నాకూ అబ్బింది. అబ్బిందని అనుకున్నాను.

ఆ రోజుల్లోనే హిందూపురంలో స్త్రీల కూడిక ఒకటి జరిగింది. నేను సెలవు మీద వచ్చి అవ్వను తోడుకుని వెళ్లాను. సాక్ష్యాల సమయంలో అవ్వ లేచి, సంచిలోంచి కార్డు తీసి పైకెత్తి, ఇది సీనాయి కొండ దోవ అని చెప్పడం మొదలుపెట్టింది. వెనుక వరుసల్లో కాలేజీ చదువులు చదివిన కుర్రవాళ్లు కొందరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఒకడైతే నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. తిరుగు రైల్లో పెనుకొండ వచ్చేదాకా అవ్వతో మాట్లాడలేదు. అది సీనాయి కాదని రుజువు చేయాలి, మళ్లీ ఎప్పుడూ సభలో ఆ కార్డు ఎత్తకుండా చేయాలి, అదొక్కటే నా పట్టుదల. లేఖనాల్లో గర్వం గురించి ఎన్ని చోట్ల ఉందో అప్పటికే నాకు నోటికి వచ్చు. నోటికి వస్తే లోపలికి పోయినట్టు కాదని తెలియడానికి ఇంకా ఒక్క రోజు పట్టింది.

మర్నాడు శనివారం. ఆదివారపు ఆరాధనకు గుడి కడగడానికి అవ్వ వెళ్లింది. నేను ఆమె సంచిలోంచి కార్డు తీసి, పళ్లెంలో నీళ్లు పోసి, కాగితం వైపు కిందికి ఉండేలా నీళ్లలో వేశాను. ధర్మవరంలో స్టాంపులు ఊడినంత సేపు ఆగి చూశాను. ఊడలేదు. ఇంకాసేపు ఆగాను. కాగితం చెక్కు చెదరలేదు గానీ పళ్లెంలో నీళ్ల రంగు మారింది. లేత నీలంగా, చూస్తుండగానే ముదురు నీలంగా. గాభరాపడి తీసి తిప్పి చూస్తే, ఆ వాలిపోయిన అక్షరాలు ఒక్కటీ లేవు. తెల్ల కాగితం మీద ఆకాశం ఒలికిపోయినట్టు ఒక మరక. ఇక చేయగలిగిందేమీ లేదు గనుక, మొదలుపెట్టిన పాపాన్ని పూర్తిచేయడమే అన్నట్టు, ఆ కాగితాన్ని గోటితో పీలికలు పీలికలుగా గీకి తీశాను. కింద జాబు రాసినావిడ సిరా మంచిది, నీళ్లకు చెదరలేదు. ముద్ర సగమే పడింది. ఏ ఏడాదో తెలియలేదు. కొండ స్విట్జర్లాండు దేశానిదని మాత్రం అచ్చులో ఉంది. నేను గెలిచాను.

అవ్వ వచ్చేసరికి కార్డు గట్టు మీద ఎండకు ఆరుతోంది. నేను ఉపన్యాసం సిద్ధం చేసుకుని ఉన్నాను, చెప్పాను. ఇది సీనాయి కాదు, ఫలానా దేశం, ఇదిగో అచ్చులో ఉంది అని. ఆమె ఆ నీలి పీలికలను కింద నుంచి ఏరి అరచేతిలో పెట్టుకుంది. వాటిని చూస్తూనే, వెనకాల జాబులో ఏముందో చదవమంది. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. నేను తెలుగు చేసి చెప్పాను. ఇక్కడిదాకా క్షేమంగా వచ్చాం, రేపు తెల్లవారి ఈ దారినే పైకి పోవాలి, లోయ చూస్తే నాకు కాళ్లు వణుకుతున్నాయి, నా కోసం ప్రార్థన చెయ్యి, ఇట్లు నీ చెల్లెలు.

అవ్వ పీలికల మీంచి తలెత్తింది.

"ప్రార్థన సెయ్యమని అడిగిందా?"

అవునన్నాను.

"ఆ మాట మీద కాయితం ఏసి అంటిస్తినా నేను! ఇన్నేండ్లు ఆ యమ్మ అడుగుతా ఉంటే, నా సేత్తోనే నోరు మూస్తినా!" అని అక్కడే, తడి చీరతోనే, గచ్చు మీద మోకరించింది. "ఆ యమ్మ పేరేంది?" అంది తల తిప్పకుండా. కింద ఒక్క అక్షరమే ఉందవ్వా, పేరు లేదు అన్నాను. "పేరు లేకుంటే ఏమి. ఆయనకు తెలీదా," అని కళ్లు మూసుకుంది.

ఆవిడ ఆ కొండ ఎక్కి దిగి, ముసలిదై, చనిపోయి కూడా ఎన్నాళ్లయి ఉంటుందో అని నేను గొణిగాను. అవ్వ వినిపించుకోలేదు. ఆ రోజు నుంచి పోయేదాకా ప్రతి ఉదయం ఆమె ప్రార్థనలో నాయన పేరు, నా పేరు, ఆ తరువాత "కొండదోవలో ఉండే ఆ యమ్మ" ఉండేది. సీనాయి సంగతి మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ సాయంత్రం అన్నం పెడుతుంటే ఆమె కుడి అరచెయ్యి నీలంగా ఉండడం చూశాను. పీలికల తడి అంటుకుంది. తన రాత పోయిందని ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

ధర్మవరం తిరిగి వెళ్లి పెద్ద సార్టరుకు చెప్పుకున్నాను. ఆయన చేతిలో ఉత్తరాల కట్ట పక్కన పెట్టి నా వైపు చూశాడు.

"ఏం బంకో అడిగితివా?"

"చింతగింజలది."

"అది తపాలా జిగురనుకుంటివా? మగ్గం నేసేటోళ్ల ఇండ్లలో యాడన్నా అడగాల్సింది, చింతగింజ బంక ఒక పట్టాన నానేది కాదని చెప్తురు. బంక సంగతి తెలీకుండా ముసలామె రాత నీళ్లలో ఎట్లేస్తివబ్బా? ముద్ర సదివేది నేర్పిస్తి గానీ, నీకు బుద్ధి నేర్పకపోతి," అని, మళ్లీ ఉత్తరాల కట్ట అందుకున్నాడు.

మూడేళ్ల తరువాత అవ్వ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. వెనక జాబు కనిపిస్తున్న ఆ కొండదారి కార్డును నాయన శవపేటికలో ఆమె చేతుల మధ్య పెట్టాడు. అలా ఆ బొమ్మా పోయింది, ఆ రాత ముందే పోయింది. మా అవ్వ అక్షరం అన్నది ఈ లోకంలో ఎక్కడా లేదు, లేకుండా చేసింది నేను అన్న బరువుతోనే ఇన్నేళ్లూ సంఘపెద్దగా ముందు వరుసలో కూర్చున్నాను.

ఇప్పుడు బల్ల మీద ఆ పదిహేడు కార్డులు. పాస్టరమ్మకు కాఫీ ఇచ్చి, ఆవిరి గీవిరి వద్దమ్మా, బొమ్మలు చూసే కాలం చెప్తాను అని పంపేశాను. తూర్పు కిటికీ దగ్గర బల్ల వేసుకుని, భూతద్దం, ఒక పొడుగు నోటుబుక్కు పెట్టుకుని రోజూ ఉదయం ప్రార్థన అయ్యాక రెండు మూడు కార్డులు చూసేవాణ్ని. మూడింటికి అవ్వ తరువాత ఎవరో మైదా గంజితో అంటించినట్టున్నారు, కాగితాలు పురుగు పట్టి ఎప్పుడో వాటంతట అవే రాలిపోయి ఉన్నాయి, వాటి వెనుక ముద్రలు స్పష్టంగా ఉన్నాయి. ఆ మూడూ నాకు మైలురాళ్లయ్యాయి. మిగతావాటిని వాటి పక్కన పెట్టి పోల్చుకుంటూ పోయాను. అచ్చులో ఒక్క రంగే ఉన్నవి పాతవి, చేత్తో రంగులు దిద్దినవి కొన్ని, వాటిలో కొండ పచ్చదనం గీత దాటి ఆకాశంలోకి కారి ఉంటుంది. దారి మీద గుర్రపు బండి గాడులు ఉన్నాయా, మోటారు ఉందా, అంచున తీగల స్తంభాలు ఉన్నాయా అని చూడాలి.

నాలుగోదీ పదకొండోదీ పక్కపక్కన పెట్టిన రోజు భూతద్దాన్ని ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి మళ్లీ మళ్లీ జరిపాను. రెండూ ఒకే మలుపు. నాలుగోదాంట్లో దారి అంచున ఏమీ లేదు, నేరుగా లోయే. మలుపు లోపలి వైపు మోకాలెత్తు మొక్క ఒకటి. పదకొండోదాంట్లో అంచున రాతి పిట్టగోడ లేచింది, ఆ మొక్క మాను అయి దారి మీద నీడ పరిచింది. ఈ రెండు బొమ్మల మధ్య ఎవరో ఆ లోయ అంచున వేలాడుతూ రాళ్లు పేర్చారు, ఎవరో ఆ మొక్కను కొట్టేయకుండా వదిలేశారు, ఎన్ని వానలు, ఎన్ని మంచులు కురిశాయో. ఆ రెండూ వేరు వేరు చేతుల నుంచి బయలుదేరి, వేరు వేరు మూటల్లో వచ్చి, మా అవ్వ ఒడిలో బోర్లా పడుకుని, ఇప్పుడు హిందూపురంలో నా బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి. నోటుబుక్కులో ఏది ముందో ఏది వెనుకో రాయడానికి ముందు కలం పక్కన పెట్టి స్తోత్రం చెప్పుకున్నాను. ఆయన లెక్కలు మన లెక్కల్లాంటివి కావు.

పదిహేడోది అన్నిటికంటే అడుగున ఉంది. బొమ్మ మిగతావాటి కంటే మామూలుది, ఎర్రమట్టి దారి, ఒక్కటే మలుపు, కొండ కొసన అదే సున్నం. తిప్పాను. తిప్పి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాను. ఒక్కో అక్షరం ఒక్కో వైపుకు వాలి, ఆయాసపడుతూ కొండనెక్కుతున్నాయి.

పైన అవ్వ పేరు. కింద "కొండమీది ప్రసంగం, మూడు అధ్యాయాలు, రెండు తప్పులు". ఈసారి సిరా కాదు, సీసపు పెన్సిలు. అరవై దాటాక పది ఆజ్ఞలు చెప్పిన మనిషి, నేను ఆ రాతను నీళ్ల పాలు చేసిన తరువాత, పోవడానికి ముందు ఆ మూడేళ్లలో ఎప్పుడో, నేను ధర్మవరంలో ఉత్తరాలు గూళ్లలో వేసుకుంటున్నప్పుడు, ఎవరికీ చెప్పకుండా మూడు అధ్యాయాలు నోటికి పట్టి మళ్లీ పిల్లల వరుసలో నిలబడింది. పంతులమ్మ ఎప్పుడూ మన్నించని తప్పులను రెండింటిని మన్నించింది. ఇంట్లో పెడితే నా చేతికి చిక్కుతుందని కాబోలు, కార్డును గుడిలోనే దాచుకుంది. దానికి నవ్వు రాబోయింది. అప్పుడు కాగితం కింది అంచున, పెన్సిలు మొన అరిగి మసకబారిన ఇంకో వరుస కనిపించింది.

"నీళ్లలో ఎయ్యొద్దబ్బా."

ఎప్పటికైనా ఇది నా చేతికే వస్తుందని ఆమెకు తెలుసు. కార్డులనీ ముద్రలనీ ఎవరైనా తీసుకొస్తే నా దగ్గరికే తెస్తారని, తెచ్చిన రోజున నా వేళ్లు నీళ్ల కోసం వెతుక్కుంటాయని తెలుసు. యాభై ఏళ్లు ఆగి చెప్పిన ఆ మాటలో కోపం ఎంత వెతికినా దొరకలేదు. ఆ "అబ్బా"లో ఆమె గొంతే ఉంది.

మర్నాడు పాస్టరమ్మ ఫోను చేసి ఎంతదాకా వచ్చిందని అడిగితే అంతా చెప్పేశాను. సాక్ష్యంలో చెప్పలేకపోయింది ఫోనులో చెప్పాను. ఆమె అంతా విన్నారు. తరువాత మెల్లగా, "అయితే పెద్దనాయనా, ఆ కాయితం కింద కూడా ఎవురన్నా ప్రార్థన అడిగి ఉంటే?" అన్నారు.

ఆ ప్రశ్న నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. అవ్వను గచ్చు మీద మోకరింపజేసింది అదే కదా. పై కాగితం మీద మా అవ్వ, కింది కార్డు మీద ఎవరో. ఒకరి మాట వినాలంటే ఇంకొకరి మాట చింపాలి. ఆ చింతగింజ బంకకు ఇప్పుడు దారులున్నాయట, పెద్ద ఊళ్లలో పాత కాగితాలు బాగుచేసేవాళ్లు రెండు పొరలనూ పాడవకుండా విడదీస్తారట, పాస్టరుగారు కనుక్కుని చెప్పారు. వద్దన్నాను. ఆమె ఆ రోజు పేరు తెలియకుండానే ప్రార్థన చేసింది. అది నేను చూశాను. చూసి కూడా, జాబు చదవకుండానే రాసినవాళ్ల కోసం ప్రార్థన చేయొచ్చని యాభై ఏళ్లు నాకు తట్టలేదు.

నోటుబుక్కులో పదహారు కార్డులకు కాలాలు రాశాను. కొన్నింటికి నమ్మకంగా, కొన్నింటికి అటూ ఇటూగా. పదిహేడోదాని ఎదుట "చూడలేదు" అని రాసి ఊరుకున్నాను. అది వార్షికోత్సవం రోజు బొమ్మ వైపు కాకుండా వెనుక వైపు కనిపించేలా గోడకు ఎక్కబోతోంది. ఇక ఉదయం ప్రార్థనలో, మా పిల్లల పేర్లు అయ్యాక, ఆ కాగితాల వెనుక ఉన్నవాళ్లందరినీ తలుచుకుంటున్నాను. కొండదోవలో ఉండే ఆ యమ్మతో మొదలుపెడతాను.

ఈ కాలంలో మాట పంపిన మరుక్షణం చేరిందో లేదో, చదివారో లేదో ఫోనే చెప్పేస్తుంది. మా మనవలు ఏ కొండ మీదికో కారులో పోతూ ఆ మలుపులన్నీ ఫోనులోనే నాకు చూపిస్తారు. మంచు అని చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు. చూస్తాను, ఆశ్చర్యపోతాను. కానీ చేతిలో పట్టుకునేలోగా ఆ కొండ పైకి జరిగిపోయి ఇంకో బొమ్మ వస్తుంది. కాళ్లు వణుకుతున్నాయి, నా కోసం ప్రార్థన చెయ్యి అని కవరు లేని కార్డు మీద, దారిలో ప్రతి తపాలా మనిషీ చదవగలిగేలా రాసే ధైర్యం ఇప్పుడు ఎవరికుందో నాకు తెలియదు. ఆ మాట సముద్రాలు దాటి, బంక కింద మూగబోయి, ఎన్నో ఏళ్లు ఆగి, అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్న ఒక ముసలమ్మ చెవిన పడి, ఆమె వెంటనే మోకాళ్ల మీద కూలబడిన ఆ శనివారం నేను అక్కడే ఉన్నాను. దగ్గర నిలబడి, నీలి నీళ్లు పారబోయడానికి చోటు వెతుక్కుంటున్నాను.